పెట్రోలు నాజిల్ మీద రెండు అంకెలు రాయించండి

కేంద్ర పెట్రోలియం, సహజవాయు మంత్రిత్వ శాఖ అధికారులకు, ప్రభుత్వ రంగ చమురు సంస్థల మార్కెటింగ్ విభాగాల వారికి, విశాఖపట్నం కంచరపాలెం నుంచి ఒక టూవీలర్ మెకానిక్ నమస్కారాలు.

అయ్యలారా,

ముప్పయ్యేళ్లుగా స్కూటర్లు, మోటారు సైకిళ్లు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. షెడ్డు పెద్దదేమీ కాదు. మూడు బండ్లు లోపల, నాలుగు బండ్లు రోడ్డు మీద. ఒకప్పుడు వచ్చినవాళ్లు చెయిన్ బిగించమనో, ఆయిల్ మార్చమనో అడిగేవాళ్లు. ఇప్పుడు బండి స్టాండు వేయకముందే మొదటి మాట "ఈ పెట్రోలులో ఏం కలుపుతున్నారయ్యా?" అని. పెట్రోలు అమ్మేది మీరు, జవాబు చెప్పుకోవలసింది నేను. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఈ లేఖ రాస్తున్నాను.

చెరకు, మొక్కజొన్న నుంచి తీసిన ఇథనాల్ అనే స్పిరిట్‌ను ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం కలుపుతున్నారు. ఆ ఇథనాల్ అంటే నాకు పగ ఉందని మాత్రం అనుకోకండి. మల్కాపురంలో పుట్టి పెరిగాను. 1957లో కాల్‌టెక్స్ వాళ్లు పెట్టి, తరువాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చిన రిఫైనరీ మంట మా డాబా మీదికి కనిపించేది. అత్తవారిది చోడవరం దగ్గర చెరకు ఊరు. ఫ్యాక్టరీకి తోలిన చెరకు డబ్బు కోసం రైతు ఎన్నాళ్లు ఎదురుచూస్తాడో పండగకు వెళ్లినప్పుడల్లా వింటూనే ఉన్నాను. ఈ పథకం వల్ల 2014 తరువాత లక్షా నలభై వేల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం మిగిలిందని మీరు చెబుతున్నారు. సంతోషం. పరాయి దేశాల చమురు బావులకు పోయే డబ్బు ఇక్కడ చెరకు, మొక్కజొన్న వేసినవాళ్లకు చేరితే కాదనేవాడెవడు? కలపండి. కలిపిన సంగతి కొనేవాడికి చెప్పే తీరు దగ్గరే నా తగువంతా.

మా షెడ్డుకు ఒక మాస్టారు వస్తుంటారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బండి 2009 నాటి స్కూటరు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు అంకె ఒక పాత డైరీలో రాసుకుంటారు. 2025 ఆగస్టులో మీ శాఖ ఇచ్చిన వివరణ పేపర్లో వస్తే దాన్ని కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి తెచ్చారు. ఇథనాల్ ఆక్టేన్ 108.5, పెట్రోలుది 84.4, ఇరవై శాతం కలిపితే 95 దాకా వస్తుందని, దానికి తగ్గట్టు ట్యూన్ చేసిన బండ్లలో పికప్ బాగుంటుందని అందులో ఉంది. ఆయన ఆ కాగితం నా బెంచీ మీద పెట్టి, డైరీ పక్కన పెట్టి అడిగారు. "ఆక్టేన్ 91 నుంచి 95కు పెరిగిందంటున్నారు. ఐదారేళ్ల కిందటి పేజీల్లో చూడు, లీటరుకు 48. ఇప్పుడు 45. పెరిగిందంటే తగ్గడమేమిటి నాయనా?"

మీ వివరణ అంతా వెతికినా ఆయన అడిగిన ముడి విప్పే వాక్యం దొరకలేదు. నేనే చెప్పాను. మీకు తెలియనిదని కాదు, మీ బంకుల్లో బోర్డు రాయవలసి వస్తే ఈ మాదిరిగా రాస్తే జనానికి ఎక్కుతుందని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఆక్టేన్ అంటే పెట్రోలు బలం కాదు, ఓర్పు. పిస్టన్ పైకి వస్తూ గాలినీ పెట్రోలునూ కలిపి నొక్కుతుంది. నొక్కేకొద్దీ అవి వేడెక్కుతాయి. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చేతికి చురుక్కుమంటుందే, అదే సంగతి. ప్లగ్గు నిప్పురవ్వ వేశాక మంట ఒక పక్క నుంచి రెండో పక్కకు పాకాలి. అది వచ్చేలోపే మూలన మిగిలిన మిశ్రమం ఆ వేడికి ఓర్చుకోలేక తనంతట తాను భగ్గుమంటే దాన్నే నాకింగ్ అంటాం. సింహాచలం కొండ ఎక్కుతుంటే, ఇద్దరు కూర్చున్న పాత బండి పై గేరులో మంగలంలో పేలాలు వేగుతున్నట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు ఎక్కువకాలం సాగితే పిస్టన్ తల గుంటలు పడుతుంది, రింగులు విరుగుతాయి. ఆ వేడికీ ఒత్తిడికీ పెట్రోలు ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేది ఆక్టేన్ అంకె. ఐసో-ఆక్టేన్‌కు వంద, హెప్టేన్‌కు సున్నా అని పెట్టుకుని, కంప్రెషన్, అంటే ఆ నొక్కుడు, మార్చుకోగల ఒంటి సిలిండరు ఇంజనును నిమిషానికి 600 చుట్లు తిప్పి ఆ అంకె తేలుస్తారు. 95 వచ్చిందంటే, 95 పాళ్లు ఐసో-ఆక్టేన్, 5 పాళ్లు హెప్టేన్ కలిపిన మిశ్రమం ఎంత ఓర్చుకుంటుందో ఇదీ అంతే ఓర్చుకుందని. లీటరులో ఎంత వేడి దాగి ఉందో ఆ అంకెను బట్టి తెలియదు.

ఆ వేడి లెక్క మాస్టారికి బెంచీ మీదే వేసి చూపాను. ఒక లీటరు ఇథనాల్ మండితే వచ్చే శక్తి, లీటరు పెట్రోలు ఇచ్చేదానిలో సుమారు మూడింట రెండు వంతులు. ఇరవై శాతం కలిపిన లీటరులో 800 మిల్లీలీటర్లు పెట్రోలు, 200 ఇథనాల్. ఆ రెండు వందలు దాదాపు 130 మిల్లీలీటర్ల పెట్రోలు పని చేస్తాయి. అంటే లీటరు పోయించుకుంటే 930 మిల్లీలీటర్ల పని. అసలేమీ కలపని పెట్రోలుతో పోలిస్తే ఏడు శాతం లోటు, పది శాతం కలిపినదానితో పోలిస్తే అందులో సగం. ఇంజను నేర్పుగా కాలిస్తే కొంత పూడుతుంది, మొత్తం పూడదు. మాస్టారు పెన్ను తీసి నా లెక్క సరిచూసి, తల ఊపి, "మరి దీన్ని దాచడం దేనికి?" అన్నారు.

న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. ఆయన స్కూటరు టైర్లలో గాలి తక్కువగా ఉంది, ఎయిర్ ఫిల్టరు మార్చి రెండేళ్లయింది. అవి సరిచేసి ఇస్తే 46కు వచ్చింది. మైలేజీ తగ్గిన ప్రతి బండికీ ఇథనాల్ మీద నేరం మోపే మెకానిక్కులు మాలో ఉన్నారు, ఇథనాల్ పేరు చెప్పి అవసరం లేని పార్టులు మార్చేవాళ్లూ ఉన్నారు. కానీ మిగిలిన ఆ రెండు కిలోమీటర్లు నా స్పానరుకు దొరకలేదు. నూటికి నాలుగు. నీతి ఆయోగ్ 2021 జూన్‌లో వేసిన రోడ్‌మ్యాప్‌లో ఉన్నది కూడా అదే. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, పది శాతానికి సరిచేసిన ద్విచక్ర వాహనాల్లో ఇరవై శాతం పోస్తే 3 నుంచి 4 శాతం, కార్లలో 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గుతుందని. మీ మనుషులే రాసిన అంకె మా మాస్టారి డైరీలోకి వచ్చి కూర్చుంది.

ఆక్టేన్ పెరగడం బూటకమని నేననను. మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. మీ కాగితం చూసి మొదట తనకూ అనుమానం వచ్చింది. 84.4లో ఎనభై పాళ్లు, 108.5లో ఇరవై పాళ్లు కలిపితే 89 చిల్లర వస్తుంది గాని 95 ఎలా వస్తుందని. రాత్రి అన్నాల దగ్గర తనే చెప్పింది. ఇథనాల్ అణువు చాలా చిన్నదట. ఘనపరిమాణంలో ఇరవై పాళ్లే అయినా అణువులను లెక్కపెడితే నలభైకి దగ్గరగా ఉంటాయట. ఆ లెక్కన వేస్తే 93 దాటుతుంది. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. సూది వేసే ముందు నర్సమ్మ స్పిరిట్ దూది రాస్తే చర్మం చల్లబడినట్టు, సిలిండరులోకి వెళ్లే గాలి చల్లబడుతుంది, నాకింగ్ మరింత వెనక్కి పోతుంది. కాబట్టి మీ 95 తప్పుడు అంకె కాదు. నా చెవులకే తెలిసింది. గోపాలపట్నం నుంచి వచ్చే ఒక పూలవ్యాపారి బండిలో మసి పేరుకుపోయి, కొండ ఎక్కితే పేలాల చప్పుడు చేసేది. హెడ్డు విప్పి మసి గీయాలని ఏడాదిగా చెబుతున్నా వినలేదు. ఇప్పుడా చప్పుడు పోయింది. "చూశావా, డబ్బు మిగిలింది" అని నవ్వుతూ వెళ్లాడు. ఇథనాల్ చేసిన మేలే అది.

అయితే ఆ ఓర్పు వాడుకునే ఇంజను ఉండాలి కదా. నా దగ్గరికి వచ్చే నూరు, నూట పాతిక సీసీ బండ్లలో కంప్రెషన్ తొమ్మిదికో పదికో ఒకటి. 91 ఆక్టేన్‌కు సరిపోయేలా కంపెనీలో తయారై వచ్చినవి. 95 పోసినంత మాత్రాన పిస్టన్ ఇంకాస్త పైకి రాదు, ప్లగ్గు నిప్పురవ్వ వేసే ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరగదు. నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సరు ఉన్న కార్లు కొంతవరకు టైమింగ్ సర్దుకుంటాయి, అది కూడా కంపెనీ గీసిన గీత వరకే. కంప్రెషన్ పెంచి, ఇరవై శాతానికి ట్యూన్ చేసి కొత్తగా తయారుచేసిన ఇంజనుకే ఆ 95 నిజమైన లాభం. అలాంటి బండ్లు 2025 ఏప్రిల్ నుంచి రావాలన్నది మీరు పెట్టుకున్న గడువు. ఇరవై శాతానికి తట్టుకునే రబ్బరు, లోహాలు వేసిన బండ్లకు 2023 ఏప్రిల్ గడువు. ఇక పెట్రోలు సంగతి. 2003లో మన రాష్ట్రంతో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో ఐదు శాతంతో మొదలుపెట్టారు. పది శాతం 2022 జూన్‌కు అందింది. 2030 నాటికి అనుకున్న ఇరవై శాతం 2025 మార్చికే అందింది. పరుగు మెచ్చుకోదగ్గదే. కాని ట్యూన్ చేసిన బండి షోరూముకు రాకముందే పెట్రోలు బంకుకు వచ్చేసింది. పెళ్లికొడుకు రాకముందే వడ్డన మొదలైనట్టుంది.

ఇథనాల్ నాకింగ్ ఆపుతుందని నిన్న మొన్న కనిపెట్టింది కూడా కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ 1921 డిసెంబరులో పెట్రోలులో సీసం కలిపితే నాకింగ్ ఆగుతుందని చూపినప్పటికే ఇథనాల్ గుణం తెలుసు. చిటికెడు చాలు కదా అని సీసం వైపు మొగ్గారు. ఆ సీసం పొగ ఎనభై ఏళ్లు పీల్చి, మన దేశంలో 2000లో వదిలించుకున్నాం. నేను కొత్తగా షెడ్డు పెట్టిన రోజుల్లో పెట్రోలు వాసన తీరే వేరు, దాంతోనే చేతులు కడుక్కునేవాళ్లం. తలచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. సీసంతో పోలిస్తే ఇథనాల్ దేవత. దేవతకు కూడా ఏ నైవేద్యం పడుతుందో తెలుసుకుని పెట్టాలి.

పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ ఉన్న పాత బండ్ల బాధ, ఆ పని కంప్యూటరు చూసుకునే ఇంజెక్షన్ బండ్లకు లేదు. 2020 ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనలతో వచ్చిన బీఎస్-6 బండ్లు దాదాపు అన్నిటిలో సైలెన్సరు గొట్టంలో ఆక్సిజన్ సెన్సరు ఉంటుంది. పెట్రోలు పలుచబడితే అది పసిగట్టి ఇంజెక్టరును ఇంకొంచెం సేపు తెరిపిస్తుంది. మైలేజీ తగ్గుతుంది గాని బండి మొరాయించదు. కార్బొరేటరులో ఉన్నది ఇత్తడి జెట్టు, దానికి సూది మొన అంత కన్నం. దానికి కళ్లూ లేవు, బుర్రా లేదు. ఏది పోస్తే అది అదే కొలతలో వదులుతుంది. ఒక గ్రాము పెట్రోలు సరిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్‌కు తొమ్మిది చాలు, ఎందుకంటే దానిలోనే ఆక్సిజన్ ఉంది. ఇరవై శాతం కలిపినదానికి పదమూడున్నర దగ్గర. జెట్టు పాత లెక్కనే వదులుతుంది కనుక మిశ్రమంలో గాలి పాలు ఎక్కువైపోతుంది. పొద్దున చోక్ లేకుండా స్టార్ట్ కాదు, సగం యాక్సిలరేటరు దగ్గర ఏడ్చే పిల్లాడు గుక్క పట్టినట్టు ఆగి ఆగి లాగుతుంది, ఇంజను వేడెక్కుతుంది. మైలేజీ పోటీల కోసం కంపెనీవాళ్లు ముందే పెట్రోలు బిగబట్టి పంపిన బండ్లయితే మరీను.

మందు నాకు తెలుసు. మోటారు సైకిలు అయితే కార్బొరేటరు మూత తీసి, నీడిల్ మీద ఉన్న చిన్న క్లిప్పును ముక్కు శ్రావణంతో ఒక గాడి కిందికి దించితే నీడిల్ ఆ మేరకు పైకి లేస్తుంది, పెట్రోలు కాస్త ఎక్కువ పారుతుంది. పది నిమిషాల పని. గుక్క పట్టడం పోతుంది, మైలేజీ ఇంకాస్త పోతుంది. ఈ పది నిమిషాల పని కూడా ఏ బండికి ఎన్ని గాళ్లు దించాలో నాకు చెప్పినవాడు లేడు. నా అనుభవం మీద, కొన్నిసార్లు నా పొరపాటు మీద నేర్చుకున్నాను.

రబ్బరు సంగతి మీరు తేలిగ్గా తీసేశారు. కొన్ని పాత బండ్లలో ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తరువాత రబ్బరు పార్టులు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చని, అది చవకైన పనేనని మీ వివరణలో ఉంది. నిజమే, లీకు ఆపే ఓ-రింగు అనే రబ్బరు చుట్టు ఖరీదు ఎంతని? కానీ ఒకసారి మా బెంచీ దగ్గర నిలబడి చూడండి. పాత బండి పెట్రోలు కాక్ విప్పి, లోపలి ఓ-రింగు బయటికి తీస్తాను. శుభ్రం చేసి మళ్లీ అదే గాడిలో పెట్టబోతే పట్టదు. రాత్రి నానబెట్టిన శనగలా ఉబ్బి ఉంటుంది. దాన్ని రేకు మీద రెండు రోజులు ఆరబెడితే మళ్లీ చిక్కిపోయి, గాడిలో లొడలొడలాడుతుంది. పాత నైట్రైల్ రబ్బరు ఇథనాల్‌ను అలా తాగుతుంది, అలా వదులుతుంది. అది బండిలో ఉన్నప్పుడు ఉబ్బి పెట్రోలు ఆపినా ఆపవచ్చు, చిక్కి కార్చినా కార్చవచ్చు. వేడి సైలెన్సరు పక్కన పెట్రోలు కారడం అంటే ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పాలా? ఓ-రింగు చవకే. అది మార్చుకోవాలని బండివాడికి ఎవరు చెప్పారన్నదే నా ప్రశ్న. ఢిల్లీలో ఇంగ్లీషులో ఒక ప్రకటన ఇచ్చారు. ఎంవీపీ రైతు బజారుకు ఇరవయ్యేళ్ల నాటి మోపెడ్ మీద కూరలు తెచ్చే అప్పన్నకు అది చేరే దారి ఏది?

మా ఊరు సముద్రం ఒడ్డు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, దాని గురించి అపోహలూ ఉన్నాయి. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. అలాగని విశాఖ గాలిలో ఉన్న తేమ పీల్చి రాత్రికి రాత్రి ట్యాంకులో పెట్రోలు చెడిపోతుందని కొందరు చెప్పేది అబద్ధం. రోజూ తిరిగే బండికి ఆ భయం లేదు. పైగా ఇరవై శాతం కలిపినది పది శాతం కలిపినదానికన్నా ఎక్కువ నీళ్లను తనలో ఇముడ్చుకుంటుంది. అసలు దారి ట్యాంకు మూత. మూత రబ్బరు చీలిన బండి నవంబరు వాయుగుండంలో రెండు రోజులు ఆరుబయట ఉంటే చాలు. పది శాతం పెట్రోలు లీటరుకు సుమారు ఐదు మిల్లీలీటర్ల నీళ్లు ఓర్చుకుంటుంది, ఇరవై శాతానిది ఇంకొంత. ఆ గీత దాటిందా, ఇథనాల్ పెట్రోలును విడిచి నీళ్లతో కలిసి అడుగుకు చేరుతుంది. కార్బొరేటరుకు ముందు అందేది ఆ అడుగుదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక నా షెడ్డు ముందు నీళ్లు చేరిన బండ్లు వరుస కట్టాయి. కార్బొరేటరు కింది స్క్రూ విప్పితే నీటి బొట్లు ముత్యాల్లా విడిగా దొర్లేవి. అవి వంపేసి, రెండు కిక్కులు కొడితే స్టార్ట్. ఆ ఏడాది దేశం మొత్తం మీద కలిపిన ఇథనాల్ సగటున 1.53 శాతమే. ఇప్పుడు నీళ్లు విడిగా దొర్లవు. వంపేసి చూస్తే పైన మిగిలిన పెట్రోలు కూడా మునుపటిది కాదు. దానిలో ఓర్పునిచ్చే ఇథనాల్ వెళ్లిపోయింది కదా. మీ లెక్కలోనే ఇథనాల్ తీసేస్తే మిగిలేది 84.4. పూర్వం 91 ఆక్టేన్ పెట్రోలులో నీళ్లు పడితే నీళ్లు తీసేస్తే సరిపోయేది. ఇప్పుడు నీళ్లతోపాటు ఆక్టేన్ కూడా పారబోస్తున్నాం. అలాంటి ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయక తప్పదని మెకానిక్కులలోనే చాలామందికి తెలియదు.

నా బల్ల మీద ఒక గాజు గొట్టం ఉంది. కాలేజీ ల్యాబుల సామాను అమ్మే దుకాణంలో కొన్నాను, వంద మిల్లీలీటర్ల గీతలున్నది. అందులో తొంభై గీత దాకా కస్టమరు పోయించుకొచ్చిన పెట్రోలు పోసి, పది మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, మూత బిగించి అరనిమిషం కుదిపి, పక్కన పెడతాను. టీ తాగి వచ్చేసరికి రెండు పొరలు తేరుకుంటాయి. పది ఉండవలసిన కింది పొర పంతొమ్మిదికి వస్తే పెట్రోలులో ఇథనాల్ పది శాతం. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదికి వస్తే ఇరవై శాతం. నీళ్లకు కొంచెం నీలి సిరా కలిపితే గీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మాత్రం దానికి ల్యాబు అక్కర్లేదు. ఒక రోజు ఒక డెలివరీ కుర్రాడు దీన్ని చూసి, "అన్నా, ఇది బంకు దగ్గరే రాసి పెట్టొచ్చు కదా" అన్నాడు. ఈ లేఖలో నేను అడగబోయేది అంతకు మించి ఏమీ లేదు.

బంకులో పెట్రోలు డెన్సిటీ రోజూ రాస్తారు. ఐదు లీటర్ల కొలపాత్ర అడిగితే తేవాలి, ఫిల్టరు పేపరు అడిగితే ఇవ్వాలి. మీరు పెట్టిన మంచి నియమాలే ఇవన్నీ. డెన్సిటీ అంకె చూసి అర్థం చేసుకునేవాడు వెయ్యిమందిలో ఒకడుండడు. అదే నాజిల్ మీద "ఇథనాల్ 20, ఆక్టేన్ 95" అని తెలుగులో, అరచేతి అంత అక్షరాల్లో రాస్తే ప్రతివాడికీ తెలుస్తుంది. నేను పెట్రోలు కొట్టించుకునే బంకుల్లో ఆ రెండు అంకెలూ కలిసి ఒక్కచోట కనిపించలేదు. బిల్లు మీద కూడా వేయించండి. అమెరికాలో ఆక్టేన్ అంకె పసుపు స్టిక్కరు మీద ప్రతి పంపుకూ ఉంటుంది. ఐరోపాలో 2018 నుంచి గుండ్రటి గుర్తులో ఈ-5, ఈ-10 అని నాజిల్ మీదే కాక కొత్త బండి పెట్రోలు మూత దగ్గర కూడా వేస్తున్నారు. రెండు గుర్తులూ కలిస్తే పోయించుకోవచ్చు. చదువు రానివాడు కూడా బొమ్మ చూసి పోల్చుకుంటాడు.

బ్రెజిల్‌ను మీరు ప్రతి సభలోనూ ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ 1975 నుంచి ఈ పని చేస్తున్నారు, ఇప్పుడు పెట్రోలులో ముప్పై శాతం కలుపుతున్నారు. అంతా నిజం. ఆ పక్క నాజిల్లోనే ఉత్త ఇథనాల్ వేరే ధరకు దొరుకుతుందన్న సంగతి కూడా చెప్పండి. ఏది పోసినా నడిచే బండ్లు అక్కడ 2003 నుంచి ఉన్నాయి. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో డెబ్బై శాతం కన్నా తక్కువుంటే ఇథనాల్, ఎక్కువుంటే పెట్రోలు పోయించుకోవడం అక్కడి డ్రైవర్లకు కంఠతా వచ్చిన లెక్క. శక్తి తక్కువున్న సరుకుకు ధర తక్కువుండాలని అక్కడి సామాన్యుడికి తెలుసు, అతని ఎదుట రెండు ధరలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబరులో పది శాతానికి మారినప్పుడు పాత బండ్ల కోసం ఐదు శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు నాజిల్ ఉంచారు.

మన దగ్గరా అలా ఉంచాలన్నది కొత్త కోరిక కాదు. నీతి ఆయోగ్ రోడ్‌మ్యాపే పాత బండ్ల రక్షణ కోసం పది శాతం పెట్రోలు కొనసాగాలంది. శక్తి తగ్గిన మేరకు వినియోగదారు నష్టపోకుండా పన్ను రాయితీ ఆలోచించాలని కూడా అంది. ఆ రెండు పేజీలూ ఏ బీరువాలో ఉన్నాయి? ప్రతి బంకులో మూడో ట్యాంకు తవ్వమనడం లేదు, అది ఎంత ఖర్చో నాకు తెలుసు. చాలా బంకుల్లో ఎక్కువ ధర పెట్రోలుకు ఇప్పటికే వేరే ట్యాంకు, వేరే నాజిల్ ఉన్నాయి. మా ఊళ్లో గాజువాక వైపు ఒకటి, ఎన్‌ఏడీ దగ్గర ఒకటి, మద్దిలపాలెం వైపు ఒకటి, పాతనగరంలో ఒకటి ఎంచి, ఆ నాజిల్లో పది శాతం పెట్రోలు మామూలు ధరకు ఇవ్వండి. ఇథనాల్ కలిపేది రిఫైనరీలో కాదు, టెర్మినల్‌లో ట్యాంకరు నింపేటప్పుడు. కాబట్టి ఒక ట్యాంకరుకు తక్కువ కలపడం మీకు కొండను తవ్వే పని కాదు.

ధర మాట ఎత్తితే, ఇథనాలే పెట్రోలు కన్నా ఖరీదని, సగటున లీటరు 71.32 రూపాయలు పడుతోందని 2025లో అన్నారు. ఒప్పుకుంటాను. రైతుకు మంచి ధర ఇవ్వడానికి అంత పెడుతున్నారేమో, ఇవ్వండి. కాని ఆ భారం ఎవరి మీద పడుతోందో చూడండి. మాస్టారికి నూటికి నాలుగు కిలోమీటర్లు తగ్గితే నెలకు నలభై రూపాయలు. ఆయన నవ్వేసి డైరీ మూసేస్తారు. ఆ డెలివరీ కుర్రాడు రోజుకు నూట ఇరవై కిలోమీటర్లు తిరుగుతాడు. లీటరు నూరు రూపాయలు దాటి ఏళ్లయింది. నెలకు మూడు వందలు పోతాయి. మూడు వందలంటే అతనికి వెనక టైరు కోసం దాచుకునే డబ్బు. దేశానికి వచ్చే లాభంలో వాడి వాటా ఇంత అని పన్నులో రూపాయో రెండో తగ్గించి చూపితే, ఇథనాల్‌ను మీకన్నా బాగా వాడే ప్రచారం చేస్తాడు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ పెట్రోలు మీద వేసిన పిటిషన్‌ను కొట్టేసింది. కాబట్టి విషయం ముగిసిందని మీరు అనుకోవచ్చు. నేను కోర్టుకు వెళ్లలేదు, పథకం ఆపమనడమూ లేదు. చట్టం చెప్పకపోయినా కొనేవాడికి సరుకేమిటో చెప్పే అంగడివాడు ఉంటాడు కదా, అలా చెప్పమంటున్నాను.

మెకానిక్కుల కోసం కూడా ఒక కాగితం ముద్రించండి. ఒక్కటే కాగితం, తెలుగులో. ఏ కంపెనీ ఏ మోడలుకు ఏ రబ్బరు మార్చాలి, జెట్టు ఎంత, నీళ్లు పడితే ట్యాంకు ఎలా ఖాళీ చేయాలి. మా ఊళ్లోనే పెట్రోలియం చదువుల కోసం 2016లో మీ శాఖ పెట్టిన ఐఐపీఈ ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. ఆ పిల్లలను మా షెడ్లకు ఒక వారం పంపితే కాగితం వాళ్లే రాస్తారు. కార్బొరేటరు బండి ముట్టుకోని పిల్లలు ఎక్కువయ్యారని మా అమ్మాయిని చూస్తేనే తెలుస్తోంది, వాళ్లకూ మేలు.

మీ అధికారి ఎవరైనా విశాఖ వస్తే కంచరపాలెం రండి. గాజు గొట్టం కడిగి ఉంచుతాను. ఉబ్బిన ఓ-రింగులు ఒక ఖాళీ హార్లిక్స్ సీసాలో దాచాను, అవీ చూడవచ్చు. మాస్టారు సాయంత్రం ఐదింటికి వస్తారు, డైరీ ఆయన దగ్గరే ఉంటుంది. ఆదివారం సెలవు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు భోజనానికి మూసేస్తాను, ఆ గంట తప్ప ఎప్పుడైనా సరే.

ఇట్లు,
ఒక టూవీలర్ మెకానిక్,
కంచరపాలెం, విశాఖపట్నం